దూది, బొగ్గు

“అత్తయ్యా, చెయ్యి పెట్టకండి! కరుస్తాయి!”

కోడలి కేక పూర్తయ్యేలోపే అత్తగారు మందపాటి తువ్వాలు తీసి రెండింటి మధ్యకీ విసిరేసింది. స్నానాల గదిలో ఒకదాని తోక ఒకటి పట్టుకోబోతూ గిరగిరా తిరుగుతున్న కుందేళ్ళు విడిపోయాయి. తెల్లది బకెట్టు వెనక నక్కింది. నల్లది తలుపు దగ్గర నిలబడి వెనక కాలితో గచ్చును టపటపా తన్నింది.

“ఇవాళ్టికి చాలు,” అంది కోడలు, రాలిన బొచ్చు ఏరుతూ. “కలుస్తాయంటారా?”

“కలవకేం చేస్తాయమ్మా,” అంది అత్తగారు.

తెల్లది దూది. కొడుకు ముచ్చటపడి తెచ్చుకున్నది. అతను జబ్బు చేసి పోయి రెండేళ్ళు. ఆ తర్వాత కోడలు ఎక్కడికీ పోలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసుకుంటూ అత్తగారితోనే మూడో అంతస్తులో ఉండిపోయింది. అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని నలుగురి ప్యాంట్లూ పొట్టి చేసి, జిప్పులు మార్చి ఇస్తూ ఉంటుంది. ఇద్దరూ పోయినవాడి మాట ఎత్తరు. దూదికి మేత వేశావా అని ఒకరు, నీళ్ళు పెట్టారా అని ఒకరు అడుగుతారు, అంతే.

నల్లది బొగ్గు. నెల కిందట వచ్చింది.

“మా అంబులెన్సు డ్రైవరుగారిది అత్తయ్యా,” అని ఆ రోజు కోడలు తల ఎత్తకుండా చెప్పింది. “రెండూ ఒకచోట ఉండాలంటే ముందునుంచీ అలవాటు చెయ్యాలట.”

రెండూ ఒకచోట ఎందుకుండాలని అత్తగారు అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. ఆ డ్రైవరు బుట్ట దింపి, మంచినీళ్ళు తాగి, వదులైన తలుపు గొళ్ళెం బిగించి వెళ్ళాడు. నెమ్మదస్తుడు. తప్పు పట్టడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

పశువుల డాక్టరమ్మ పద్ధతి చెప్పింది. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు ఎప్పుడో అయ్యాయి కాబట్టి భయం లేదు, కానీ తొందరపడకూడదు. ముందుగదిలో మధ్య కంచె కట్టాలి. దీని దుప్పటి దానికీ, దాని దుప్పటి దీనికీ మార్చాలి, వాసన అలవాటవుతుంది. రోజూ ఓ పది నిమిషాలు రెండూ ఎప్పుడూ తిరగని చోట వదలాలి. పక్కన మనిషి లేకుండా మాత్రం వదలకూడదు.

కోడలికి పగటి డ్యూటీ. పక్కన ఉండే మనిషి అత్తగారే. తన ఇల్లు ఖాళీ కావడానికి తనే కాపలా కాస్తున్నట్టుంది ఆవిడకి.

ఓ మధ్యాహ్నం దుప్పట్లు మార్చకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మార్చకపోతే ఎవరు చూడొచ్చారు? ఇంకో నెల గడుస్తుంది. దూది కంచె సందులోంచి ముక్కు పెట్టి అటువైపు వాసన చూస్తోంది. ఒంటరిగా ఉండి ఉండి దానికీ విసుగొచ్చినట్టుంది. కోడలు గుర్తొచ్చింది. ఆవిడ లేచి దుప్పట్లు మార్చేసింది.

ఆ వారమే అన్నాల దగ్గర కోడలు గొంతు సవరించుకుంది.

“అత్తయ్యా, మీతో ఓ మాట...”

“నాకు తెలుసమ్మా. నువ్వేం చెప్పకు. మంచివాడిలాగే ఉన్నాడు. చేసుకో.”

కోడలి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. “నిజంగానా? మీకు కష్టంగా ఉండదూ?”

“కొన్నాళ్ళు ఉంటుంది. తర్వాత అదే అలవాటవుతుంది.”

“మీరు ఒప్పుకోరేమోనని ఆయనకి ఒకటే భయం.”

“ఒప్పుకోకపోవడానికి నేనెవర్నే?”

కోడలు ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. అత్తగారు ఆమె కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. మనసులో ఉన్నది అడిగేస్తే పిల్ల ఆగిపోతుంది. ఆగిపోతే తను ఎంతకాలం ఉంటుంది, ఆ తర్వాత దానికెవరుంటారు?

ఆరో వారంలో బొగ్గు దూది ముందుకొచ్చి తల నేలకి ఆనించింది. దూది కాసేపు బిగుసుకుపోయి, తర్వాత దాని నుదురు నాకడం మొదలుపెట్టింది. చెవులు నాకింది. కళ్ళ పక్కన నాకింది. అత్తగారు పీట మీద కూర్చుని తువ్వాలు గట్టిగా పట్టుకుంది. విసరాల్సిన పని లేదు. ఎవరికీ చెప్పకపోతేనో అనుకుంది ఓ క్షణం. తర్వాత ఫోను తీసింది.

“కలిశాయమ్మా.”

అటువైపు కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. “అయితే ఇంకో పది రోజులు చూసి లారీ మాట్లాడమంటాను అత్తయ్యా.”

“అలాగే.”

పది రోజుల్లో గొడవ రాలేదు. కంచె తీసేశారు. శుక్రవారం రిజిస్ట్రారాఫీసులో అత్తగారు సాక్షి సంతకం పెట్టింది. పెన్ను సరిగా సాగక రెండుసార్లు పెట్టాల్సొచ్చింది. శనివారం కోడలు తన గదిలో బీరువా ఖాళీ చేస్తూ మొగుడి చొక్కాలు ఒళ్ళో వేసుకుని ఏడుస్తుంటే, ఆవిడ వాటిని అందుకుని తన పెట్టెలో సర్దుకుంది.

ఆదివారం పొద్దున్నే కుందేళ్ళ బుట్ట అత్తగారే సిద్ధం చేసింది. రెండు దుప్పట్లూ వేసింది. దూదిని ఎత్తుకుని చాలాసేపు మెడ నిమిరి లోపల పెట్టింది. బొగ్గు తనంతట తానే వెళ్ళి దాని పక్కన చేరింది.

కింద హారను మోగింది. “వచ్చేశారు!” అంటూ కోడలు చెప్పులైనా లేకుండా మెట్లు దిగింది.

అత్తగారు బుట్ట మూత వేసింది. వెళ్ళేవాళ్ళ ముందు ఏడుపు మొహం పెట్టకూడదని కొంగుతో మొహం తుడుచుకుని, కిటికీ దాకా వెళ్ళి తొంగి చూసింది.

లారీ నిండా అతని సామానుంది. పైకి తేవడానికి ఒక్కొక్కటే దింపుతున్నారు.