కుందేళ్ల వాడలో కట్టుబాటు

ఒక అడవిలో కుందేళ్ల వాడ ఉండేది. ఆ వాడ ఇరుకు దారిలో ఒక ఏనుగు రోజూ మధ్యాహ్నం కునుకు తీసేది. ఒకనాడు అది చెంగమ్మ అనే కుందేలు ఇంటి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. లోపల చెంగమ్మ ముగ్గురు పిల్లలు గాలాడక విలవిల్లాడారు. బయటున్న చెంగమ్మ ఎంత అరిచినా ఏనుగు లేవలేదు. చెంగమ్మ ఇంటి వెనకనుంచి మట్టి తవ్వి వాళ్లని ప్రాణాలతో బయటికి లాగింది.

ఆ సాయంత్రమే వాడంతా కూర్చుని ఒక కట్టుబాటు చేసుకుంది.

మర్నాడు ఏనుగు రాగానే చెంగమ్మ ఎదురెళ్లింది. "మామా, గుమ్మం మూసేంత ఒళ్లున్నవాళ్లు ఇక్కడ ఆగకూడదని మా వాడ కట్టుబాటు. చెరువుగట్టున బోలెడు నీడుంది."

"ఆగితే?" అంది ఏనుగు.

"నన్ను తొక్కి ఆగు."

చెంగమ్మ కదల్లేదు. ఒక్కొక్కరే వచ్చి వాడంతా ఆమె పక్కన నిలబడింది. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో ఏనుగుకి తోచలేదు. మెల్లగా వెనక్కి దించి, చెరువువైపు నడిచింది.

వాడ వాడంతా గంతులేసింది. చెంగమ్మ పిల్లలు మొదటిసారి మధ్యాహ్నపు ఎండలో నడివీధిన ఆడుకున్నారు.