తడి గుడ్డ

షెడ్డు ఊడవాలి. కుర్చీలు వేయించాలి. బొమ్మలన్నిటికీ దుమ్ము దులపాలి. నాన్న ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్పిన "నా వెనక ఎవరూ లేరు" అన్న మాటను గోడంత బ్యానర్ మీద రాయించాలి. చివరి బొమ్మకు పేరు పెట్టాలి.

శిల్పి కూతురు వేళ్ళు మడిచి చూసుకుంది. ఎల్లుండే సంస్మరణ సభ.

ఏ పెద్ద కూడలిలో చూసినా ఆయన చేసిన కంచు బొమ్మే. పచ్చి మట్టిగా మిగిలింది ఒక్కటే. షెడ్డు మధ్యలో, గుడ్డ కింద ఉంది. సభలో ముసుగు తీశాక దానికి అచ్చు తీసి కంచులో పోత పోయాలి. అంతదాకా గుడ్డ ఎత్తి చూడకూడదన్నది నాన్న నియమం. ఆయన పోయాక కూడా ఇంట్లో ఎవరూ దాన్ని దాటలేదు.

ఆ గుడ్డ దగ్గర ఎవరో ముసలాయన. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. బకెట్‌లో చెయ్యి ముంచి గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు.

"ఎవరు నువ్వు? లోపలికెలా వచ్చావు?"

"రోజూ వస్తున్నానమ్మా. పక్క తలుపు గడియ సరిగా పడదు."

"ఎవరు రమ్మన్నారు?"

"వాడే. గుడ్డ ఆరనివ్వద్దని చెప్పి పోయాడు."

ఆమెకు ఒళ్ళు మండింది. అంత పెద్దమనిషిని దారిన పోయేవాడొచ్చి వాడూ వీడూ అనడమా?

"వాడా? మా నాన్నగారితో గోళీలాడావా ఏంటి?"

ముసలాయన నవ్వబోయి ఆగిపోయాడు.

"బయటికి నడువు. తడిపే పని నేను చూసుకుంటాను."

"మరిచిపోకు తల్లీ. ఈ ఎండకి..."

"చూసుకుంటానన్నాగా."

పక్క తలుపుకు తాళం వేయించింది. ఆయన్ని మళ్ళీ రానివ్వద్దని వాచ్‌మన్‌కు చెప్పింది. ఆ తర్వాత కుర్చీలు, మైకు, అతిథుల ఫోన్లు. తడిపే పని ఆమె మడిచిన వేళ్ళలో లేదు.

మర్నాడు గేటు బయట నిండు బకెట్ కనిపించింది. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు తగులుతుందని తీయించేసింది.

షెడ్డులో చిన్న చప్పుడు. ఎవరో మెటిక విరిచినట్టు. ఎండకు పైకప్పు రేకులు చిటపటమంటున్నాయనుకుంది.

కాసేపాగి మళ్ళీ.

సాయంత్రం ఆమె బ్యానర్ కట్టిస్తుంటే లోపల ఏదో దభీమంది. కుర్చీలు దించుతున్నారనుకుంది. గుడ్డ ఒక పక్కకు జారినట్టు అనిపించినా ఎత్తి చూడలేదు.

సభలో ముసుగు లాగారు. చప్పట్లకు లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి.

ఒకడి భుజాల మీద ఒకడుగా ఇద్దరు పిల్లలు. పైనున్న చిన్నవాడు బీటలువారి పెళ్ళలుగా రాలిపోయాడు. పాదాలే మిగిలాయి. కిందివాడు ఆ పాదాలను వదలకుండా పట్టుకునే నిలబడ్డాడు. వాడి ఎడమ చెవి తమ్మె చీలి ఉంది.

కూతురు వంగి దిమ్మ మీది మట్టిపొడి తుడిచింది. నాన్న గోటితో గీసిన పేరు అక్కడే ఉంది: "అన్న". గోడ మీద బ్యానర్ అలాగే వేలాడుతోంది.

ఆమె గేటుకు పరుగెత్తింది.

"ఆ ముసలాయనేడి?"

"మీరేగా రానివ్వద్దన్నారు? నిన్న పొద్దంతా ఇక్కడే నిలబడి వెళ్ళిపోయాడమ్మా. ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు?" అన్నాడు వాచ్‌మన్.

ఆయన మళ్ళీ రాలేదు.

మీరెప్పుడైనా ఏ కూడలిలోనో ఆ శిల్పి చేసిన బొమ్మ ముందు నిలబడితే, చిన్నప్పుడు ఆయన్ని భుజాల మీద మోసి, చివరికి తమ్ముడి గేటు బయటే ఆగిపోయిన ఆ అన్నను ఒక్కసారి తలుచుకోండి.