మొదటి అచ్చు

"ఇది కూడా పట్టుకుపో," అంటూ ఆవిడ ఒక చిన్న గ్రామఫోను రికార్డును గుమ్మంలో ఉన్న పాత సామాన్లవాడి చేతిలో పెట్టబోయింది.

భర్త పరుగెత్తుకొచ్చి మధ్యలోనే లాక్కున్నాడు. "దీనికోసం ఎన్నేళ్ళు తిరిగానో నీకు తెలీదూ! ఇందాకేగా తెచ్చాను!"

"ఇదే పాట ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి. ఎలుకతోలు తెచ్చి ఏడాది ఉతికినా నలుపు నలుపే. ఎన్ని కొన్నా అదే పాట!"

"ఇది మొదటి అచ్చు. తేడా ఉంటుంది."

"ఏ తేడా లేదు. అది ఇంట్లో ఉంటే నేనుండను."

ఆయన ముఖం చిన్నబోయింది. రికార్డు మాత్రం వదల్లేదు. ఈ పిచ్చి పట్టినవాళ్ళకు పాట ఒక్కటి దొరికితే చాలదు. ఏ అచ్చులో గొంతు తేటగా ఉంది, ఏ అచ్చులో వాయిద్యాలు దాన్ని మింగేశాయి అని పక్కపక్కన పెట్టి వినాలి. భార్య మాటకు ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి, ఇవాళ మొండికేశాడు. చివరికి తీర్పు కూతురి మీద పడింది.

"మూడూ వెయ్యి నాన్నా. నాకు తేడా తెలిస్తే ఉంటుంది, లేకపోతే పోతుంది."

సామాన్లవాడు కూడా బేరం మర్చిపోయి మెట్టు మీద చతికిలబడ్డాడు. ఆవిడ విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన ముందు నీలం లేబులుది పెట్టాడు. పాట నున్నగా సాగిపోయింది. తర్వాత ఆకుపచ్చది. కాస్త గరగర, అంతే.

"నాకేం తెలియట్లేదు నాన్నా."

"నే చెప్పలేదూ!" అని వంటింట్లోంచి వినిపించింది.

ఆయన మూడోదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి ముల్లు దించాడు. ఇది కూడా తేలిపోతే రికార్డు సామాన్లవాడి బండెక్కాల్సిందే.

పల్లవి అయింది. కోరస్ అందుకోవడానికి ఇంకా క్షణం ఉండగానే ఒక పిల్ల గొంతు, ఒంటరిగా, మహా ధీమాగా ఎత్తుకుంది. తప్పు తెలిసి గతుక్కుమని ఆగింది. ఆ తర్వాతే మిగతావాళ్ళు అందుకున్నారు.

కూతురు పకపకా నవ్వింది. "ఎవరో పాపం, తొందరపడింది!"

"అందుకే కొన్ని కాపీలు కాగానే ఆపేశారు. ఆ అమ్మాయిని తీసేసి మళ్ళీ పాడించారు. ఆ గొంతు ఇక దీన్లో తప్ప ఎక్కడా దొరకదు," అన్నాడాయన. ముల్లు వెనక్కి జరిపి ఆ ఒక్క మాటే మళ్ళీ విన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎంత బావుందో గొంతు! ఇది ఉండాల్సిందే," అని కూతురు తీర్పు చెప్పేసింది. "పాపం, ఆ తర్వాత ఆ అమ్మాయి ఏమైందో!"

వంటింట్లోంచి తల్లి గొంతు వచ్చింది.

"ఏమవుతుంది? నిన్ను కని, మీ నాన్నతో వేగుతోంది."