గగ్గోలు పరీక్ష

“ముసలోణ్ణి ఆపేద్దాం,” అంది హియామ్.

మేనేజరు అబూ ఘైత్ తాగుతున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. “నీకేమైనా పిచ్చా అమ్మాయ్? వాడు ఎవరి తాలూకో ఏమో!”

ముసలోడంటే మనిషి కాదు. అమ్మాన్‌లోని ఆ పార్సెల్ కంపెనీకి ఉన్నది ఒకే ఒక్క పెద్ద సర్వరు. దాని మెమరీని పంచుకుని లోపల డజను వర్చువల్ మెషీన్లు, అంటే ఒంటికి ఇనుము లేని ఉత్తుత్తి కంప్యూటర్లు, బతుకుతున్నాయి. అన్నింట్లోకీ పాతది ముసలోడు. దాన్ని పెట్టినాయన ఎప్పుడో కువైట్ వెళ్లిపోయాడు. అదేం పని చేస్తుందో ఎవరికీ తెలియదు, ముట్టుకునే ధైర్యమూ ఎవరికీ లేదు.

హియామ్‌కి ఆ మెమరీ కావాలి. కంపెనీ నెట్‌వర్క్‌కి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రెట్టింపు మెమరీ అడుగుతోంది. గురువారంలోగా అది ఎక్కకపోతే పని బయటివాళ్లకి ఇచ్చేసి, ఆమె జట్టు మొత్తాన్ని ఇంటికి పంపేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పారు.

“మిగతావాళ్ల దగ్గర కాస్త కాస్త తీసుకోరాదూ?”

“అడగలేదనుకున్నారా? గిడ్డంగి వాళ్లు కుదరదన్నారు. లెక్కల వాళ్లయితే నన్ను చూసి తలుపే వేసుకున్నారు.”

“మరి ముసలోణ్ణి ఆపితే?”

“వాడు ఎవరికి కావాలో వాళ్లే గగ్గోలు పెడతారు. పెట్టగానే మళ్లీ నడిపించేస్తా. సాయంత్రం దాకా ఎవరూ నోరెత్తకపోతే, వాడు దండగే కదా!”

అబూ ఘైత్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. “బిస్మిల్లా అని నొక్కు. నేను మాత్రం చూడను.”

బుధవారం పొద్దున్నే నొక్కేసింది.

ఇక కాలు నిలవక గది గదీ తిరిగింది. గిడ్డంగిలో పార్సెళ్లు కదులుతున్నాయి. వ్యాన్లు బయల్దేరుతున్నాయి. లెక్కల వాళ్లు ఎప్పట్లాగే మొహాలు మాడ్చుకుని పని చేసుకుంటున్నారు. ఫోన్లో ఫిర్యాదులు వినే ఉమ్ షాదీ తన బల్ల దగ్గర తీరిగ్గా కూరకి ములూఖియా ఆకు వలుచుకుంటోంది.

“ఏమైనా ఆగిపోయిందా పిన్నీ?”

“ఏం ఆగుతుంది తల్లీ? అంతా చల్లగా ఉంది. ఈ కొత్త డ్రైవర్లు బంగారు కొండలు, ఇవాళ నన్ను ఒక్కరూ తిట్టలేదు!”

సాయంత్రమైంది. ఎవరూ కిక్కురుమనలేదు. ముసలోడి మెమరీ అంతా కొత్త వెర్షన్‌కి రాసిచ్చేసింది హియామ్.

గురువారం మధ్యాహ్నానికల్లా అది దర్జాగా ఎక్కి కూర్చుంది. తెర నిండా పచ్చ దీపాలే. పైవాళ్లు ఫోన్ చేసి మరీ శభాష్ అన్నారు. జట్టులో ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. హియామ్‌కి సంతోషం పట్టలేక ఏడుపొచ్చినంత పనైంది.

అబూ ఘైత్ పళ్లెం నిండా వేడి వేడి కునాఫా మిఠాయి తెప్పించాడు. “రెండ్రోజుల్లో ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు లేదు! నేనీ కంపెనీలో చేరాక ఇలాంటిది చూస్తే ఒట్టు. అంతా నీ చలవే అమ్మాయ్!”

“నిజమే, నిన్నటి నుంచీ నాకు పనే లేదు,” అంటూ ఉమ్ షాదీ ఇంకో ముక్క వేసుకుంది.

ఫిర్యాదుల ఫోను మోగించేది ముసలోడే.