నల్లబడని గిన్నె

ఇంటింటికీ నల్లా బిగించినట్టే సర్కారు గాలి మంచిచెడ్డలు చెప్పే మీటరూ బిగించింది. అందులో ఎప్పుడు చూసినా పచ్చదీపమే. ఆండాళు పొద్దున విభూతితో తళతళా తోమిన వెండి ఉగ్గుగిన్నె మాత్రం సాయంత్రానికల్లా బొగ్గులా నల్లబడేది. ఉయ్యాలలో మనవరాలి దగ్గు ఆగేది కాదు.

గిన్నె పట్టుకెళ్లి మీటర్ల ఆఫీసులో చూపించింది. "గాలి చెడితేనే వెండి గింత జల్ది నల్లబడ్తది సారూ."

వారం తిరక్కుండా ఆఫీసరు ఇంటికొచ్చాడు. "గాలి మంచిగనే ఉన్నదమ్మా, వెండే ఖరాబు. ఊర్లున్న వెండంత జమ చేస్తున్నం," అంటూ గిన్నెను సంచిలో వేసుకుని, స్టీలు గిన్నె చేతిలో పెట్టాడు. "ఇది జన్మల నల్లబడదు."

ఆండాళు కాలి మెట్టెలు కూడా ఊడదీసి అతని ముందు పడేసింది.

"గట్లనే మా పిల్లకు ఊపిరితిత్తులు గూడ స్టీలువే ఇయ్యి సారూ."