పొగ రాని పొయ్యి

"దీన్నించి పొగ వస్తాదా బాబూ?" అచ్చమ్మ అలా అడగడం ఇది నాలుగోసారి.

అమలాపురంలోని ఆ స్టవ్‌ల కొట్టాయన ఓపికమంతుడు. "పొగెందుకొస్తాదండి మామ్మగారూ. రాదండి."

"కొంచెం కూడానా?"

"పిసరు కూడా రాదండి. ఆయ్."

అచ్చమ్మ మొహం వాడిపోయింది. పక్కనున్న కోడలు జాస్మిన్‌కి తల కొట్టేసినట్టయింది. పొగ రాదంటే సంబరపడేవాళ్ళనే చూసింది గానీ దిగులుపడే మనిషిని చూడటం ఇదే మొదలు.

అసలు వచ్చిందే ఆ పొగని వదిలించుకోవడానికి. కట్టెల పొయ్యి దగ్గర ఇంకో ఏడాది కూర్చుంటే ఈ మనిషి దక్కదని పోయిన వారం డాక్టరు తేల్చి చెప్పేశాడు. అచ్చమ్మ దగ్గుతూనే, "పోతే పోతానయ్యా. కప్పడానికి పుట్టింటి చీర కూడా రాని చావు, ఎప్పుడైతే ఏంటి?" అంది. జాస్మిన్ ఆ రాత్రంతా ఏడ్చింది. తల్లి లేని పిల్లకి అత్తగారే తల్లి. ఈ తల్లిని కూడా పోగొట్టుకునే ఓపిక ఆమెకి లేదు.

ఇండక్షన్ పొయ్యి వద్దంది అచ్చమ్మ, కరెంటు పోతే గంజి కూడా కాగదని. గాజు పలకది వద్దంది, అన్నం గుండిగ దింపితే పగులుతుందని. రెండూ నిజమే గనక జాస్మిన్ ఊరుకుంది. చివరికి వంటగట్టు కోసి అందులో దింపే హాబ్ దగ్గర ఆగింది. స్టీలు పలక, ఇత్తడి బర్నర్లు.

"గాలికి మంట ఆరిపోతే గ్యాసు దానంతటదే ఆగిపోద్దండి," అన్నాడు కొట్టాయన. "పొయ్యారిన సంగతి దానికే తెలిసిపోద్దండి."

"దానికి తెలిస్తే ఏం లాభం బాబూ?" అంది అచ్చమ్మ.

కొట్టాయన నవ్వేడు. జాస్మిన్ నవ్వలేదు, బిల్లు రాయమంది.

వాళ్ళ ఇల్లు కొత్తపేట దాటాక, కాలవ గట్టు మీద. పెరట్లో కాలవ వైపు తెరిచి ఉన్న పాకలో మట్టిపొయ్యి, పక్కన కొబ్బరి డొక్కల గుట్ట. హాబ్ బిగించాక అచ్చమ్మ ఏ పేచీ పెట్టలేదు. అన్నం, పులుసు అన్నీ దాని మీదే వండింది. జాస్మిన్ అమ్మయ్య అనుకుంది. తెల్లారేసరికి పాకలోంచి మళ్ళీ దగ్గు.

వెళ్ళి చూస్తే, అచ్చమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పొయ్యి ముందు కూర్చునుంది. పొయ్యి మీద గిన్నె లేదు. లోపల తడి డొక్కలు బుసబుసా పొగ కక్కుతున్నాయి.

"ఏం వండుతున్నారండీ అత్తయ్యగారూ?"

"ఏం లేదమ్మా. అలవాటు."

"పొయ్యిలో తడివి పెట్టేరేంటండీ?"

"ఎండువి అయిపోయేయమ్మా."

ఎండు డొక్కలు ఆమె పక్కనే ఉన్నాయి. మతి తప్పుతోందేమోనని జాస్మిన్‌కి భయమేసింది.

అదే వేళకి కాలవ అవతల కొబ్బరితోట మీదుగా ఇంకో పొగ లేచింది. అది అచ్చమ్మ తమ్ముడు ఇస్సాకుది. పుట్టింటి దొడ్డి పంపకం దగ్గర మాటా మాటా పెరిగి, చావొచ్చేదాకా ఒకరి గడప ఒకరు తొక్కమని అక్కాతమ్ముళ్ళు ఒట్టేసుకున్నారు. ఇరవై రెండేళ్ళయింది. అటు కబురు ఇటు తెచ్చినవాళ్ళని ఇద్దరూ తిట్టిపోసేవారు, దాంతో ఊరు కబుర్లు మోయడం మానేసింది. పెళ్ళాం పోయాక ఇస్సాకు ఒంటరివాడయ్యాడు. కళ్ళు సరిగా ఆనక ఎక్కడికీ కదలడు.

"ఆయనా అంతే. గ్యాసు బండ పెట్టుకుని మరీ పొగ పెడతారు," అంది జాస్మిన్ విసుగ్గా. "ఇద్దరిదీ ఒకటే మొండితనం."

అచ్చమ్మ ఆ పొగ వంక చూసి, మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది.

గురువారం అచ్చమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళినప్పుడు జాస్మిన్ గునపం తీసుకుంది. పొయ్యి పగలగొట్టి ఆ మట్టి కాలవలో పోసింది. డొక్కలన్నీ పీచు మిల్లు బండికి ఎత్తించేసింది. తిరిగొచ్చిన అచ్చమ్మ బోసిపోయిన పాకని చాలాసేపు చూసింది. తిట్టినా బాగుండేది. "ఎంత పని చేసేవమ్మా," అని మాత్రం అంది.

శుక్రవారం అవతల పొగ మధ్యాహ్నం దాకా లేస్తూనే ఉంది. అచ్చమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. శనివారం అటువైపూ పొగ లేదు. ఆ రోజు అచ్చమ్మ అన్నం ముట్టలేదు.

"కాసిని కొబ్బరి కమ్మలు కాల్చుకోనా అమ్మా, ఒక్కసారి?"

అంత పెద్దావిడ అలా అడుగుతుంటే జాస్మిన్ గుండె నీరైపోయింది. అయినా మనసు రాయి చేసుకుంది. రెండు రోజులకే దగ్గు తగ్గింది మరి. "వద్దండి," అంది.

ఆదివారం తెల్లారుతుండగా ఎవరో తలుపు కొట్టేరు. తీస్తే ఇస్సాకు. తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి. గడప ముందు కాసేపు తటపటాయించి లోపల కాలు పెట్టేడు. 

"ఇంకా ఎవరూ రాలేదా అమ్మా? మా మేనల్లుడు ప్రేమ్ కుమార్ ఏడి?"

"ఆయనకి సెలవు దొరకలేదండీ మావయ్యగారూ," అంది జాస్మిన్.

ఇస్సాకు ఆమె వంక అదోలా చూసి సంచిలోంచి కొత్త చీర తీశాడు. నిన్ననే కొన్నదై ఉండాలి, మడత విప్పలేదు. తెల్లచీర. చర్చికి కట్టుకోవడానికి ఎంత బాగుంటుందో అనుకుంది జాస్మిన్. ఇరవై రెండేళ్ళకి ఆవిడకి పుట్టింటి చీర వచ్చింది. ఆమె కళ్ళు చెమర్చేయి.

"మీ చేత్తోనే ఇవ్వండి మావయ్యగారూ. అత్తయ్యగారు లోపల టీ పెడుతున్నారు."

వంటింట్లో గిన్నె చప్పుడైంది. వెనకే దగ్గు. ఇస్సాకు చీరని గుండెకి అదుముకుని గడప మీద కూలబడిపోయాడు.

"మూడ్రోజులై పొగ లేదు కదమ్మా, కప్పడానికి తెచ్చేను."