ఎడమ చెవిలో చప్పుడు

“గేములకి విడిగా సౌండ్ కార్డెందుకురా? మదర్‌బోర్డులో ఉన్నది చాలు,” అన్నాడు స్వీలెన్.

“నిన్నట్నించీ ఎడమ చెవిలో టక్ టక్‌మంటోంది. శత్రువు అడుగులు వినపడి చావట్లేదు. నువ్వే విను,” అని రాద్కో హెడ్‌ఫోన్ అందించాడు.

ఆ హెడ్‌ఫోన్ రాద్కో ఇష్టపడి కొన్నది కాదు. స్పీకర్లు పెడితే చాలు, కింది ఫ్లాటు ముసలావిడ, గదులు వెచ్చబెట్టడానికి అన్ని అంతస్తుల్లోంచీ పోయే రేడియేటర్ గొట్టాన్ని గరిటెతో వాయించేది. పైవాళ్లకి ఏది చెప్పాలన్నా ఆ బ్లాకులో గొట్టమే వాయిస్తారు. ఆ గొట్టం రాద్కో బల్లకి ఎడమ పక్కనే ఉంటుంది.

స్వీలెన్ హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. టక్. టక్. కాసేపాగి మళ్లీ టక్.

“బోర్డు పాడైనట్టుంది. సరే, కొనేద్దాం పద,” అన్నాడు.

ప్లోవ్‌దివ్ బజారుకి వెళ్లొచ్చి కార్డు బిగించేసరికి సాయంత్రమైంది. ఆటలో అడవి నిశ్శబ్దంగా ఉంది. చెవిలో చప్పుడు లేదు. శత్రువు నడుస్తుంటే ఒక్కో ఎండుటాకూ వినపడింది.

“చూశావా!” అన్నాడు రాద్కో. స్వీలెన్ ఓటమి ఒప్పుకున్నాడు. ఇద్దరూ చెరో గ్లాసు రకీయా తాగారు.

రెండ్రోజులకి బ్లాకు గుమ్మం మీద ముసలావిడ ఫొటోతో చావు కబురు కాగితం కనిపించింది. దాన్ని అతికిస్తున్న ఆవిడ కూతురు వీళ్లని చూసి కళ్లు తుడుచుకుంది.

“వంట చేస్తూ రేడియేటర్ గొట్టం పక్కనే పడిపోయినట్టుంది బాబూ. చేతిలో గరిటె అలాగే ఉంది.”

ఇద్దరూ టోపీలు తీశారు. మూడో అంతస్తు దాకా మెట్లెక్కారు.

“విడిగా కార్డు అక్కర్లేదని ముందే చెప్పాను కదరా,” అన్నాడు స్వీలెన్.